ఐవీ పెదవుల మీద శనివారం నాటకం

మా షెడ్డులో మరమగ్గాలు కదిలాయంటే మనిషి గొంతుకు ఇక అక్కడ పని లేదు. దారం మోసుకెళ్ళే వందల నాడెలు అటూ ఇటూ కొట్టుకునే ఆ మోతలో, చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా ఊపిరి వెచ్చదనం తగులుతుందే తప్ప మాట తగలదు. అందుకని మేమంతా పెదవులతో మాట్లాడుకునేవాళ్ళం. నోరు బాగా సాగదీసి, కనుబొమ్మలు ఎగరేసి, షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి కబుర్లు నడిచేవి. రహస్యమైతే నోటికి ఒక పక్క అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళం. బయటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. ఇంగ్లండులోని మా బర్న్‌లీ బజారులో ఏ ఆడమనిషైనా గలగలా మాట్లాడుతూ ఒక్క మాట దగ్గర గొంతు మింగేసి పెదవులు మాత్రం కదిపిందంటే, అది ఎవరి కడుపు సంగతో, ఎవరి ఆపరేషన్ సంగతో అయి ఉండేది.

ఐవీ హాల్‌స్టెడ్‌ను మించి పెదవులతో మాట్లాడగలిగినవాళ్ళు మా షెడ్డులో లేరు. ముఖం సన్నం, నోరు పెద్దది. "దేవుడు ముఖానికి ఒకరి కొలత, నోటికి ఇంకొకరి కొలత తీసుకున్నాడు. దర్జీవాడి పొరపాటు, నేనేం చెయ్యను?" అనేది. ఆ నోట్లోంచి బయటికొచ్చే మాటకు అంచులుండేవి. గాజు గ్లాసులో నీళ్ళలాగా చూడగానే తెలిసిపోయేది. ఆమె మగ్గం మీద నుంచి తలెత్తి ఒక హాస్యం చెబితే, నాలుగు వరసల అవతల దారం అతుకుతున్న పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కూడా వినిపించేది కాదు. భుజాలు ఊగడం మాత్రం కనిపించేది.

పిల్లలకు సగం రోజు బడి, సగం రోజు మిల్లు ఉన్న కాలంలో ఆమె మగ్గం దగ్గరికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. అన్న హారోల్డ్ మొదటి యుద్ధానికి వెళ్ళేముందు బెర్తా అనే నేతపిల్లను పెళ్ళాడి, ఆమెను ఇంట్లో దింపి, ఫ్రాన్స్ వెళ్ళి అక్కడే మట్టిలో కలిసిపోయాడు. అలా వదినా ఆడబిడ్డా ఒకే కప్పు కింద మిగిలిపోయారు. మొదట్లో ఇద్దరికీ సరిపడేది కాదు. బోటీని పాలల్లో ఉడికించాలా, వెనిగర్‌లో ఊరేసి తినాలా అన్న దగ్గర మొదలైన గొడవ ఒక శీతాకాలమంతా సాగిందట. తర్వాత ఏళ్ళు గడిచాయి. పడుగూ పేకా ఏది ఏదో విడదీయలేని గుడ్డలాగా అయిపోయారు ఇద్దరూ. ఆ గుడ్డ పక్కింట్లోనే నేను కాపురం చేశాను. మధ్య గోడ ఎంత పలుచనంటే, వాళ్ళింట్లో కెటిల్ మరిగితే మా ఇంట్లో కప్పులు తీసేవాళ్ళం.

బెర్తాకు చెవుడు మంచు కరిగినట్టు నెమ్మదిగా వచ్చింది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత వాన. తర్వాత చర్చిలో పాట. "పాట పోయినందుకు నాకేం దిగుల్లేదు, మన వాళ్ళు పాడేది నాకు గుర్తుంది," అని గట్టిగా అనేది. గట్టిగా అని వేరే చెప్పక్కర్లేదు. తన గొంతు తనకు వినపడదు గనక, బెర్తా గుసగుసలాడినా వీధి చివర కుక్క లేచి నిలబడేది. ఎదుటివాళ్ళ మాట మాత్రం పెదవుల మీద ఇట్టే చదివేసేది.

ఐవీ రేడియో కొన్నప్పుడు ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు. మొదటి శనివారం సాయంత్రం వాల్వులు వేడెక్కి, గుడ్డ వెనక నుంచి లండన్ వాళ్ళ ఇస్త్రీ గొంతులు మొదలయ్యాయి. నాటకం. ఐవీ కళ్ళు మూసుకుని విని, సగంలో కళ్ళు తెరిస్తే, బెర్తా అల్లిక ఒళ్ళో పెట్టుకుని ఆ పెట్టెకేసి మర్యాదగా చూస్తోంది. తలుపు వేసిన ఇంటి ముందు నిలబడ్డ అతిథిలా. ఐవీ లేచింది. కుర్చీ లాక్కుని పెట్టె పక్కన వేసుకుంది. దీపం తన ముఖం మీద పడేట్టు తిప్పుకుంది. అంతే, ఆ రోజు నుంచి ప్రతి శనివారం రాజులూ, దొంగలూ, డాక్టర్లూ, దొరసానులూ అందరూ లండన్‌లో పుట్టి ఐవీ నోట్లోంచి బెర్తా దగ్గరికి వచ్చేవాళ్ళు.

నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. నాకు చెవులు బాగానే ఉన్నాయి, అయినా ఐవీనే చూసేదాన్ని. జమీందారైతే మెడ నిటారుగా పెట్టి, పై పెదవి కదపకుండా మాట్లాడేది. పనిమనిషైతే నోరు ఒక పక్కకు జారేది. వాన పడితే మోచేతి మీద వేళ్ళు పరిగెత్తించేది. తలుపు చప్పుడైతే రెప్ప ఒకసారి కొట్టేది. నాటకం అయ్యాక బెర్తా నిట్టూర్చి, "ఆ పెద్దావిడ గొంతు ఎంత బావుందే! కాస్త బొంగురు, కానీ మంచి గొంతు," అనేది. నేను విన్నది సన్నటి గొంతు. కానీ బెర్తా విన్నదే ఆ మనిషికి సరిపోయేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

నాటకం తర్వాత ఒక ప్రసంగం వచ్చేది. ఎవరో పెద్దమనిషి జున్ను గురించో, పాత వంతెనల గురించో, బాతుల గురించో మాట్లాడేవాడు. ఐవీ దాన్ని కూడా వదిలేది కాదు. "డబ్బిచ్చి కొన్నాం, జున్ను కూడా మనదే," అనేది.

ఇలా సాగుతున్న సంసారంలోకి విల్ఫ్రెడ్ డక్‌వర్త్ క్యాబేజీ పట్టుకుని వచ్చాడు.

విల్ఫ్ మా షెడ్డులో మగ్గాల మేస్త్రీ. మేస్త్రీల మీద హాస్యాలాడడం మా వైపు ఆనవాయితీ. ఇల్లు తగలబడుతోందని చెబితే టీ తాగి వస్తానన్న మేస్త్రీ, నిచ్చెన కురచైందని గోడను కిందికి దించమన్న మేస్త్రీ, ఇలాంటి కథలన్నీ విల్ఫ్ వెనకాలే తిరిగేవి. ఆయన నవ్వేవాడు. ముఖమంతా నిండిన మీసంలోపల ఎక్కడో నవ్వేవాడు. భార్య పోయి రెండు శీతాకాలాలైంది. ఆ వసంతంలో బెర్తా గుమ్మం ముందు తన తోటలో పండిన క్యాబేజీ పెట్టి వెళ్ళాడు. తర్వాతి వారం ముల్లంగి. ఆ తర్వాత ఎర్ర కాడల రూబార్బ్, పాత పత్రికలో చుట్టి, పైన దారం కట్టి.

"ఇది ప్రేమా, కూరల బండా?" అంది ఐవీ.

"ఏదైతేనేం, రూబార్బ్ లేతగా ఉంది," అంది బెర్తా, వీధంతా వినేట్టు.

ఆ శనివారమే మొదలైంది. రేడియోలో ఒక నాటకం వస్తోంది. భార్య పోయిన డాక్టరు, పల్లెలో టీచరమ్మ. ఇద్దరూ చివర్లో చర్చిలో పెళ్ళి చేసుకున్నారు, గంటలు మోగాయి. నేను చెవులారా విన్నాను. ఐవీ పెదవుల మీద మాత్రం ఆ డాక్టరు టీచరమ్మ టీలో ఏదో తెల్లటి పొడి కలిపాడు. టీచరమ్మ గొంతు పట్టుకుని కిందపడింది. గంటలు చావు గంటలయ్యాయి.

నేను ఐవీకేసి చూశాను. ఆమె దీపంకేసి చూసింది.

తర్వాతి వారం భార్య పోయిన లాయరు కొత్త పెళ్ళాన్ని బావిలో తోశాడు. ఆ తర్వాత భార్య పోయిన పాదిరీ, పాపం, రేడియోలో గులాబీలు పెంచుకునే సాధువు, ఐవీ నోట్లో పడి ముగ్గురు వంటమనుషులను మాయం చేశాడు. ఇంగ్లండు దేశంలో పెళ్ళాం పోయినవాడెవడికీ ఐవీ దగ్గర క్షమాభిక్ష దొరకలేదు.

సోమవారం మిల్లు గంటకు ముందు, ద్వారం దగ్గర టీ డబ్బాలు పట్టుకుని నిలబడ్డప్పుడు, బెర్తా తల ఆడిస్తూ అనేది:

"పాదిరీ అండీ! పాదిరీ! మనుషులను ఎలా నమ్ముతాం?"

మిగతా ఆడవాళ్ళందరూ ఆ నాటకం విన్నవాళ్ళే. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. తర్వాత నా పక్కకు జరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెదవులతో అడిగేవాళ్ళు. "జెస్సీ, రేడియోలో ఏమైందో మాకు తెలుసు. మీ పక్కింట్లో ఏమైంది?" నేను చెప్పేదాన్ని. లండన్ నాటకం కన్నా ఐవీది బావుందని అందరూ ఒప్పుకునేవాళ్ళు. అది నవ్వులాటగానే ఉండేది, ఆ బుధవారం దాకా.

ఆ బుధవారం విల్ఫ్ కాలువ గట్టు మీద బెర్తాను పెళ్ళి చేసుకోమని అడిగాడు. మా మిల్లులన్నీ మూసేసే సెలవుల వారం దగ్గర పడుతోంది. పెళ్ళి చేసుకుని ఆ వారం బ్లాక్‌పూల్ సముద్రం దగ్గర గడపాలని ఆయన కోరిక. అలా జరగాలంటే చర్చిలో పెళ్ళి ప్రకటన వరసగా మూడు ఆదివారాలు చదవాలి. అంటే ఈ ఆదివారమే మొదలవ్వాలి. బెర్తా జవాబు శనివారంలోపు కావాలి.

ఇదంతా ఐవీ నాకు పెరటి గోడ మీద నుంచి పెదవులతో చెప్పింది. దుప్పట్లు ఆరేస్తోంది. రెండు దుప్పట్ల మధ్య ఆమె ముఖం కనిపించి మాయమవుతోంది.

"బెర్తా ఏమందట?"

"మీసం కదులుతోంది, మాట కనబడటం లేదు, కనబడేట్టు అడుగు, అప్పుడు చెబుతానందట." ఒక క్లిప్పు పెట్టింది. "షెడ్డులోనూ అంతే. ఆ మీసం చదవాలంటే దుప్పటి వెనక ఉత్తరం చదివినట్టే."

"మరి నీ సంగతి?"

"నా సంగతేముంది?"

"వెళ్ళొద్దని చెప్పెయ్యరాదూ. వారం వారం మనుషులను బావిలో తోయించే బదులు."

ఐవీ దుప్పటి అంచు పట్టుకుని నిలబడిపోయింది. గాలికి ఆ గుడ్డ ఉబ్బి ఆమెను కప్పేసింది. మళ్ళీ తేలినప్పుడు పెదవులు చాలా చిన్నగా కదిలాయి. నేను గోడ మీదికి వంగి చదవాల్సొచ్చింది.

"ఇన్నేళ్ళలో దాన్ని ఉండమని ఒక్కసారీ అడగలేదే. అదే ఉంది. ఇప్పుడు అడిగితే అది అడుక్కోవడం." ఇంకో క్లిప్పు. "ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఎవరికి చెప్పను జెస్సీ? పెట్టె మాట్లాడుతుంది, నేను వింటాను. అంతేనా?"

శనివారం వచ్చింది. ఆ రోజు పెండిల్ కొండ మీద వెలుగు చాలాసేపు నిలిచి ఉంది. మిల్లు పొగగొట్టాలు ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఖాళీగా నిలబడ్డాయి. నేను వెళ్ళేసరికి ఐవీ బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టెను ముక్కలు కోస్తోంది. ఎర్ర క్యాబేజీ ఊరగాయ బల్ల మీద ఉంది. బెర్తా తన మంచి నీలం గౌను వేసుకుంది.

"ఏమిటి బెర్తా, రేడియో కోసం గౌనా?" అన్నాను, ఆమె చూసేట్టు.

"చూసేవాళ్ళుంటే వేసుకోకూడదా?" అని అరిచింది. అప్పుడే తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక కొత్త మనిషి. టోపీ చేతిలో ఉంది. చెవులు విల్ఫ్‌వి, కోటు విల్ఫ్‌ది. ముక్కు కింద మాత్రం పుట్టినప్పటి నుంచీ ఎండ చూడని తెల్లటి చర్మం, దాని మధ్య ఒక చిన్న నోరు సిగ్గుపడుతూ ఉంది. మీసం లేదు.

 ఐవీ చేతిలో చాకు దుంపరొట్టెలోనే ఆగిపోయింది.

"అమ్మయ్యో," అంది బెర్తా చివరికి. "ఇంత చిన్న నోరు పెట్టుకునా ఇన్నాళ్ళూ అంత మీసం పెంచావ్?"

"కనబడేట్టు అడగమన్నావుగా," అన్నాయి ఆ పెదవులు. స్పష్టంగా. నాకే కనిపించింది, బెర్తాకు కనిపించదా?

"కూర్చో విల్ఫ్. నాటకం అయ్యాక అడుగుదువు గాని. నాటకం మధ్యలో నేనేదీ తేల్చను."

"దయచేయండి మిస్టర్ డక్‌వర్త్," అంది ఐవీ. కలిసి పనిచేసినన్నేళ్ళూ ఆమె ఆయన్ను అలా పిలవలేదు. ఆ మాటలోంచి చలి గాలి వీచింది.

బెర్తా పక్క కుర్చీలో విల్ఫ్ కూర్చున్నాడు. అంటే ఐవీ ముఖానికి సరిగ్గా ఎదురుగా. ఆయన చెవులకు రేడియో వినిపిస్తుంది. కళ్ళకు ఐవీ పెదవులు కనిపిస్తాయి. మగ్గాల మధ్య జీవితమంతా గడిపిన మేస్త్రీ, షెడ్డు అవతలి మాట కూడా చదవగలడు. ఐవీకి ఆ సంగతి అప్పుడు తట్టింది.  ఇప్పుడు నిజం చెబితే? నెలల తరబడి చంపుకుంటూ వచ్చిన మగవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి కూర్చుంటారు.

రేడియో వేడెక్కింది. నాటకం మొదలైంది.

సముద్రం ఒడ్డున ఒంటరి ఇల్లు. ఓడ కెప్టెనుగా చేసి మానుకున్న పెద్దాయన. భార్య పోయింది. ఆ ఇంట్లో పియానో నేర్పే ఒక మిస్సమ్మ అద్దెకు దిగింది. మేడ మీద ఒక గది ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. ఆ రాసినాయనకు మా వీధి సంగతి ఎవరో చేరవేశారేమో అనిపించింది నాకు.

కాసేపు ఐవీ ఉన్నదున్నట్టే చెప్పింది. అలలు వేళ్ళతో, గాలి బుగ్గలతో. కెప్టెను మిస్సమ్మకు గొడుగు పట్టాడు, ఆ గొడుగూ చెప్పింది. బెర్తా ముఖం వికసించింది. ఒకసారి విల్ఫ్‌కేసి చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు దగ్గరే ఐవీ తప్పిపోయింది. బల్ల మీది వార్తాపత్రిక తీసి, విల్ఫ్ వైపు బుగ్గకు అడ్డం పెట్టుకుంది. దాని వెనక నుంచి బెర్తాకు మాత్రం కనబడేట్టు, "ఆ గదిలోంచి ఏదో వాసన వస్తోంది," అంది.

విల్ఫ్ కుర్చీ కొంచెం జరిపాడు.

ఐవీ పత్రిక కొంచెం జరిపింది.

విల్ఫ్ ఇంకొంచెం జరిపాడు. కుర్చీ కాలు నా కాలి మీద పడింది. "అయ్యో, క్షమించు జెస్సీ," అన్నాడు, కళ్ళు మాత్రం పత్రిక అంచు మీద నుంచి తియ్యకుండా. ఆ అంచు వెనక కెప్టెను గొడ్డలి నూరుతున్నాడు. రేడియోలో ఆ సమయానికి ఆయన మిస్సమ్మ కోసం రొట్టె కాలుస్తున్నాడు.

విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి రేడియోను చూశాడు, ఒకసారి ఐవీని. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన లేచాడు కూడా. కానీ వెళ్ళలేదు. కుర్చీ ఎత్తి, నాలుగడుగులు నడిచి, పెట్టెకు రెండో పక్కన వేసుకుని కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు, పెదవులతో మాట్లాడబోయేవాడికి గొంతెందుకో మరి. ఆ కొత్త నోరు తెరిచి చెప్పడం మొదలుపెట్టాడు.

"గొడ్డలి లేదు. రొట్టె కాలుస్తున్నాడు. వెన్న రాస్తున్నాడు."

"రొట్టె కింద గొడ్డలి ఉంది," అంది ఐవీ.

"వెన్న బాగా రాస్తున్నాడు," అన్నాడు విల్ఫ్. నటన ఆయనకు రాదు. కెప్టెనూ, మిస్సమ్మా, సముద్రమూ అందరూ ఆయన నోట్లో మేస్త్రీలే. మగ్గం బిగించమని చెబుతున్నట్టే మిస్సమ్మ ప్రేమ మాట చెప్పాడు. "మీరు లేకపోతే ఈ ఇల్లు ఖాళీగా ఉంటుంది, అని ఆమె అంటోంది. ఇప్పుడు పైకి వెళ్తున్నారు. తాళం చెవి తీశాడు."

బెర్తా తల అటూ ఇటూ తిప్పుతోంది. ఆమె అల్లిక సూదులు ఆగిపోయాయి.

"తలుపు తెరుచుకుంది," అంది ఐవీ, కళ్ళు పెద్దవి చేసి. "నెత్తురు!"

"గౌన్లు," అన్నాడు విల్ఫ్. "భార్య గౌన్లు. అన్నీ వరసగా. చిమటలు తినకుండా లావెండర్ పెట్టి. పారెయ్యలేక దాచుకున్నాడు. అంతే. గౌన్లు మాత్రమే."

"గౌన్లకు నెత్తురంటిందా?" అని అరిచింది బెర్తా. "ఏం మనుషులయ్యా! లావెండర్ పెట్టి దాచేముందు ఉతకొద్దూ?"

నాకు నవ్వు ఆగలేదు. తింటున్న దుంపరొట్టె ముక్క గొంతుకు అడ్డం పడింది. రేడియోలో పియానో మోగుతోంది. మిస్సమ్మ ఆ గౌన్లలోంచి ఒకటి తీసి చేతిమీద వేసుకుని, ఏడుస్తూ నవ్వుతూ ఏదో అంటోంది. గది చుట్టూ సముద్రం ఊగుతోంది. ఆ చప్పుడు వినని మనిషి ఒక్కతే గదిలో నిటారుగా కూర్చుని, ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత విల్ఫ్ నోటి మీదే చూపు నిలిపింది. చాలాసేపు.

నాటకం అయిపోయింది. రేడియోలో తర్వాతి కార్యక్రమం ఏమిటో చెప్పేవాడి గొంతు వచ్చింది. ఐవీ పెదవులు ఆ చివరి మాటను బెర్తాకు చేరవేయలేదు. ఆమె పత్రిక ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేస్తోంది.

ప్రసంగం మొదలైంది. ఎవరో ముసలి పెద్దమనిషి, తడి గొంతు, కప్పల గురించి. వసంతం రాగానే కప్పలు రోడ్లు దాటి, పుట్టిన మడుగుకే ఎలా వెళ్తాయో.

"ఇప్పుడెవరు?" అని అడిగింది బెర్తా. "ఏం చెబుతున్నాడు? ఐవీ, నిన్నే."

విల్ఫ్ నోరు తెరవబోయాడు. బెర్తా వేలు ఎత్తి ఆపింది. "నువ్వు కాదు. ఐవీ చెప్పాలి."

ఐవీ తలెత్తింది. దీపం వెలుగు ఆమె పెద్ద నోటి మీద పడింది.

"కప్పల గురించి," అంది పెదవులతో. "ఒక పెద్దాయన. కప్పలంటే చాలా ఇష్టమట."

"ఊఁ."

"మడుగు ఒకటే ఉంటుందట. ఏళ్ళ తరబడి." రేడియోలో ఆ పెద్దమనిషి గుడ్ల గురించి చెబుతున్నాడు, జెల్లీ పూసలదండల్లా ఉంటాయని. ఐవీ పెదవుల మీద మాత్రం గుడ్లు లేవు. "రెండు కప్పలు. ఒకే మడుగు. పెద్దది చిన్నదాన్ని రోజంతా తిడుతుంది, కెటిల్ మాడ్చావని. చిన్నది పెద్దదానికి లోకంలో చప్పుళ్ళన్నీ ఏరి తెచ్చి పెడుతుంది. పెద్దది వెళ్ళిపోతే చిన్నదానికి చప్పుళ్ళన్నీ చేతిలో మిగిలిపోతాయి. ఎక్కడ పెట్టాలో తెలియదు. అడగడం రాదు దానికి. ఎప్పుడూ అడగలేదు. అందుకని దారిలో వచ్చే మగ కప్పలన్నీ విషం కలుపుతాయని చెబుతూ వస్తోంది. అంత మంచి కప్ప కాదు అది. అని... ఆ పెద్దాయన అంటున్నాడు."

నేను కప్పులోకి చూశాను. విల్ఫ్ తన బూట్లకేసి చూశాడు. ఆయన చదివాడు, ప్రతి మాటా. కప్పల పెద్దమనిషి మాత్రం లండన్‌లో కూర్చుని, చిత్తడి నేలల్లో నీటి లోతు గురించి నిశ్చింతగా చెప్పుకుంటూ పోతున్నాడు.

బెర్తా అల్లిక పక్కన పెట్టింది.

"ఆ కప్పలాయనకు చెప్పు," అంది. ఆమె గొంతు తగ్గించడానికి ప్రయత్నించింది. అది నేను జీవితంలో ఒక్కసారే చూశాను. అయినా పక్క వీధికి వినిపించి ఉంటుంది. "పెద్ద కప్పకు చెవులే పోయాయి, కళ్ళు పోలేదని చెప్పు. పాదిరీ దగ్గరే అనుమానమొచ్చింది దానికి. ముగ్గురు వంటమనుషులను ఏ పాదిరీ భరించగలడు? అయినా ఆ కథలు బావుండి ఊరుకుంది. అడగడానికి నోరు లేదని చెబుతున్నదా ఆ చిన్న కప్ప? ఈ జిల్లాలోనే అంత నోరు ఇంకోటి లేదు!"

ఐవీ ఒళ్ళోని పత్రికను ఇంకో మడత పెట్టింది.

"ఇంకా చెప్పు. పెద్ద కప్ప వెళ్తోంది. వెళ్ళాలనుంది దానికి. ముసలిదయ్యాక ఒక మనిషి తన మాట కనబడాలని ముఖం గొరిగించుకుని వస్తే, కాదనడం దానికి చేతకాదు. వెళ్ళేది వీధి అవతలికి, ఫ్రాన్స్‌కు కాదు. వెళ్ళినవాళ్ళంతా హారోల్డ్‌లు కారు, పిల్లా."

ఆ పేరు ఆ గదిలో చాలా ఏళ్ళుగా ఎవరూ పలకలేదు. ఐవీ లేచి వెళ్ళి రేడియో కట్టేసింది. కప్పలు మధ్యలో ఆగిపోయాయి. వాల్వుల వెనక ఎర్రటి వెలుగు నెమ్మదిగా చల్లారింది. ఆమె మాకు వీపు పెట్టి నిలబడింది. ఏమైనా అంటోందో లేదో మాకెవరికీ తెలియలేదు. పెదవులతో మాట్లాడేవాళ్ళు వీపు తిప్పితే అదే వాళ్ళ తలుపు.

బెర్తా ఆ వీపుకేసి చూస్తూనే, "ఇప్పుడడుగు విల్ఫ్," అంది. "నాకు కనబడేట్టు. నెమ్మదిగా."

ఆయన అడిగాడు. నేను చదవలేదు. ఎవరో ఒకరు చదవకుండా ఉండాలి కదా. కప్పులు కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. బెర్తా జవాబు మాత్రం నాకే కాదు, మా ఆయనకు కూడా గోడ అవతల వినిపించింది.

మర్నాడు చర్చి నిండిపోయింది. శనివారం సంగతి రాత్రికి రాత్రే షెడ్డంతా పాకిపోయింది మరి. పాదిరీ ఇంగ్లండు దక్షిణపు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. మెత్తటి గొంతు, శుభ్రమైన గోళ్ళు. విల్ఫ్రెడ్ డక్‌వర్త్, బెర్తా హాల్‌స్టెడ్, ఇద్దరూ ఈ ఊరివాళ్ళే అని చదివి, ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండని తలెత్తి ఆగాడు.

ఆ నిశ్శబ్దంలో బల్లలు కిర్రుమన్నాయి. నేతకత్తెలందరం ఒక్కసారిగా ఎడమ పక్కకు తిరిగాం. మూడో వరసలో ఐవీ కూర్చుని ఉంది, నల్ల టోపీ పెట్టుకుని. ఆమె కళ్ళు చర్చి అవతలి వరసలో విల్ఫ్ మీద ఉన్నాయి. పెదవులు తెరుచుకున్నాయి. ప్రతి మాటకూ అంచులున్నాయి.

"ఉంది. నీ వెనక గది గోడ చెమ్మ. బెర్తాకు శీతాకాలంలో ఛాతీ పట్టేస్తుంది. రాత్రిపూట దగ్గుతుంది, దగ్గుతున్నట్టు దానికి తెలియదు, ఎవరో ఒకరు లేచి చూడాలి."

విల్ఫ్ తెల్లటి పై పెదవి మీద చెమట మెరిసింది. పాట పుస్తకం గుండెకు పెట్టుకుని, ఆ చిన్న నోటితో, "ఈ వారమే సున్నం కొట్టిస్తా. రాత్రి నేను లేస్తా," అన్నాడు.

"సున్నం చాలదు. నేల పలకలు తీయించి, కింద నుంచి బాగుచేయించు."

"తీయిస్తా."

"పడుకునేముందు నిప్పు బాగా రగిలించు. మేస్త్రీలు నిప్పు పెడితే నాకు తెలుసు ఎలా ఉంటుందో."

బెర్తా ఇద్దరి మధ్యా కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ చదువుతోంది. మా వరసలో భుజాలు ఊగుతున్నాయి. ఎవరి ముక్కులోంచో చిన్న కూత వచ్చి, రుమాలులో మునిగిపోయింది.

ఐవీ కాసేపు ఆలోచించింది. ఇంకేదో మిగిలిందా అని వెతుక్కుంటున్నట్టు చూసింది. తర్వాత పెద్ద నోరు మూసుకుని, కళ్ళు దించి, చేతి తొడుగులు సర్దుకుంది.

కుర్ర పాదిరీ మా అందరినీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దయగా చూశాడు. ఎక్కడా చిన్న చప్పుడు కూడా లేదు. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేనందుకు సంతోషించి, పేజీ తిప్పాడు.